అమ్మ మొదలుపెట్టే దాకా

మా అమ్మ అన్నం తింటుండగా చిన్నప్పుడు నేను సరిగ్గా చూసిన గుర్తు లేదు. తినకపోవడమేమీ లేదు, తినేది. ఎప్పుడు తినేదో, ఏం తినేదో మా ఇంట్లో ఎవరమూ పట్టించుకోలేదు. నాన్న తిని చెయ్యి కడుక్కుని మంచం మీద వాలాక, నేనూ తమ్ముడూ తిని ఎవరి గొడవలో వాళ్ళం పడ్డాక, వంటింట్లో గిన్నెల చప్పుడు కాస్త ఆగేది. ఆ ఆగిన కాసేపే అమ్మ భోజనం. కంచం కూడా పెట్టుకునేది కాదు. కూర గిన్నెలోనే ఇంత అన్నం వేసుకుని, అంచులకి అంటుకున్నదంతా తుడిచి కలుపుకుని, గట్టుకి ఆనుకుని నిలబడి తినేసేది. అడిగితే, "గిన్నెకి అంటుకున్న కూరకున్న రుచి మీ కంచాల్లో కూరకి ఎక్కడిదే?" అనేది. నిజమేననుకుని నేను ఆ గిన్నె కోసం పేచీ పెట్టిన రోజులు కూడా ఉన్నాయి.

అమ్మ పుట్టిల్లు చల్లపల్లి దగ్గర. పెద్ద వ్యవసాయం, పెద్ద ఇల్లు. అక్కడ మగవాళ్ళు, పిల్లలు, పాలేర్లు, వచ్చిన చుట్టాలు అందరూ తిని లేచాక గానీ ఆడవాళ్ళకి కంచాలు పడేవి కావు. అంతమంది మధ్య ఆ పద్ధతి ఎందుకొచ్చిందో అర్థం చేసుకోవచ్చు. కానీ పెళ్ళయి విజయవాడ వచ్చాక మా ఇంట్లో ఉన్నది నలుగురం. నాన్నకి గవర్నర్‌పేటలో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు. కొట్టుకి రెండు వీధుల అవతల మేడ మీద వాటాలో మేం ఉండేవాళ్ళం. ఆ చిన్న వాటాలోకి కూడా అమ్మ చల్లపల్లి పద్ధతంతా మూటకట్టుకుని తెచ్చుకుంది.

తొంభైల చివర్లో అమ్మకి షుగర్ వచ్చింది. అప్పటిదాకా ఎవరికీ పట్టని అమ్మ భోజనం అప్పుడు ఒక్కసారిగా ఇంటి సమస్య అయి కూర్చుంది. డాక్టరు గారు మాత్రలు రాసి, "ఇది వేసుకున్న అరగంటలో భోజనం చెయ్యాలమ్మా. ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి" అని విడమరిచి చెప్పారు. అమ్మ బుద్ధిగా తలూపింది. మాత్ర మాత్రం టైముకి వేసుకునేది. తర్వాత నాన్న కోసం ఎదురుచూస్తూ కూర్చునేది. నాన్న కొట్టు కట్టేసి రావాలంటే, పల్లెల నుంచి సరుక్కి వచ్చిన వాళ్ళందరినీ సాగనంపి రావాలి. అదెప్పటికో రెండున్నరకి, మూడింటికి. ఒకరోజు అలా ఎదురుచూస్తూనే పొయ్యి దగ్గర పడిపోయింది. ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు. పక్క వాటా ఆవిడ చూసి పంచదార నీళ్ళు తాగించకపోతే ఏమయ్యేదో.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అప్పటికి నాకు పెళ్ళయింది, అదే ఊళ్ళో ఉంటున్నాను, కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఆ సాయంత్రం ఆటో ఎక్కి వచ్చి అమ్మని నానా మాటలూ అన్నాను. చదువుకోని దానివి కాదు, డాక్టరు చెప్పింది అర్థం కాలేదా అన్నాను. అమ్మ తల దువ్వుకుంటూ, "అలాగేలేవే, రేపట్నుంచి ముందే తింటాను" అంది. నాన్న పేపరు చాటు నుంచి, "తినమనే చెబుతున్నానుగా నేను కూడా. నా కోసం ఆగమని ఎప్పుడన్నా అన్నానా?" అన్నాడు. అది నిజం, ఆయన ఎప్పుడూ అనలేదు. మర్నాడు మధ్యాహ్నం నేను ఫోన్ చేస్తే, "తిన్నానే" అంది. గొంతులోనే తెలిసిపోయింది తినలేదని.

ఇలా ఏళ్ళు గడిచాయి. అమ్మ ఇంకా కొన్నిసార్లు పడింది. ప్రతిసారీ నేను అరవడం, నాన్న 'చెబుతున్నానుగా' అనడం, అమ్మ 'అలాగేలే' అనడం. రెండు వేల నాలుగో అయిదో సంవత్సరంలో కళ్ళు మసకలుగా ఉన్నాయంటే, మద్రాసు తీసుకెళ్ళి చూపించమన్నారు. తమ్ముడు అప్పటికి అక్కడే, ఊరి బయట ఒక కొరియా కంపెనీ ఫ్యాక్టరీలో ఇంజనీరు. నేను కాలేజీకి సెలవు పెట్టి అమ్మా నాన్నలతో రైలెక్కాను.

కళ్ళ డాక్టరు అన్నీ చూసి, ఇప్పటికి ఫరవాలేదు గానీ షుగర్ ఇలా పైకీ కిందికీ ఊగుతుంటే మాత్రం చూపు దక్కదని చెప్పాడు. వేళకి తినడమే అసలు మందు అన్నాడు. అమ్మ అక్కడ కూడా బుద్ధిగా తలూపింది. ఆ తలూపడం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. నేను బతిమాలినా, తిట్టినా, ఏడ్చినా మారని మనిషికి ఇంకేం చెప్పి ఒప్పించాలో తోచలేదు.

ఆ సాయంత్రం తమ్ముడి పైఅధికారి మమ్మల్ని భోజనానికి పిలిచాడు. కొరియా ఆయన. తమ్ముడి అమ్మా నాన్నా ఊరి నుంచి వచ్చారని తెలిసి, తన చేత్తో మాంసం కాల్చి పెట్టాలని పట్టుబట్టాడట. నాన్న వెంటనే అడగవలసింది అడిగేశాడు. "ఒరేయ్, వాళ్ళు గొడ్డుమాంసం తింటారంటగా?" తమ్ముడు నవ్వాడు. "అదంతా ముందే అడిగి తెలుసుకున్నాడు నాన్నా. మనకి కోడి, రొయ్యలే. కాల్చే పళ్ళెం కూడా కొత్తది పెట్టమని హోటల్లో చెప్పాడంట." ఈ మాటతోనే ఆయన మీద నాకు గౌరవం కలిగింది. మనల్ని పిలిచిన వాళ్ళలో ఎంతమంది అంత దూరం ఆలోచిస్తారు?

బయల్దేరే ముందు తమ్ముడు అమ్మకి ఇంకో మాట కూడా చెప్పాడు. "అమ్మా, వాళ్ళల్లో పెద్దవాళ్ళు మొదలుపెట్టే దాకా మిగతావాళ్ళు ముట్టుకోరు." అమ్మ, "మంచి పద్ధతే" అని మెచ్చుకుంది. పెద్దవాళ్ళంటే నాన్న అనుకుంది. తనూ ఆ లెక్కలోకి వస్తానని ఆవిడకి తట్టలేదు.

హోటలంటే అదొక పాత బంగళా. చెప్పులు గుమ్మం బయటే విప్పించారు. లోపల కుర్చీల్లేవు. పొట్టి కాళ్ళ చెక్కబల్ల, చుట్టూ కూర్చోవడానికి పరుపుముక్కలు. "పంక్తి భోజనమేరా ఇది" అని నాన్న సంబరపడి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తమ్ముడి అధికారి, ఆయన భార్య మాకు నడుం దాకా వంగి దణ్ణం పెట్టి, మేం కూర్చున్నాక గానీ కూర్చోలేదు. దారిలో ఆలస్యమవుతుందేమోనని నేను అమ్మ చేత కార్లోనే మాత్ర వేయించాను. కూర్చోగానే భోజనమని తమ్ముడు భరోసా ఇచ్చాడు మరి.

బల్ల మధ్యలో గుండ్రటి గుంట ఉంది. ఒకతను కణకణలాడే బొగ్గుల కుంపటిని కొక్కేలతో పట్టుకొచ్చి అందులోకి దింపి, పైన చిల్లుల పళ్ళెం పెట్టాడు. కప్పు నుంచి తొండంలా వేలాడుతున్న గొట్టాన్ని కిందికి లాగాడు. పొగ అటూ ఇటూ పోకుండా తిన్నగా అందులోకి వెళ్ళిపోతోంది. అమ్మ ఆ గొట్టం వంకే చూస్తూ ఉండిపోయింది. "ఇట్టాంటిది మా అమ్మ వంటింట్లో ఉంటే దాని కళ్ళు పొయ్యేవి కావే" అంది. ఆ రోజంతా తన కళ్ళ గురించి ఒక్క మాట మాట్లాడని మనిషి ఆ గొట్టాన్ని చూసి మాట్లాడింది.

తర్వాత చిన్న చిన్న గిన్నెలు వచ్చాయి. బల్ల నిండిపోయింది. మొలకలు, ముల్లంగి, ఏవో ఆకులు, ఎర్రగా ఊరిన క్యాబేజీ పచ్చడి. దాన్ని కిమ్చి అంటారని తమ్ముడు చెప్పాడు. ఒక గిన్నెలో ఎండు నెత్తళ్ళ చేపలు కూడా ఉన్నాయి, బందరు వైపు దొరికేలాంటివే. కానీ పాకం పట్టి ఉన్నాయి. "నెత్తళ్ళకి పంచదారేంటి, చోద్యం కాకపోతే!" అని అమ్మ నా చెవిలో గొణిగింది. నాన్నకి తిండి కంటే ముందు సామాను మీద పడింది కన్ను. అన్నం స్టీలు గిన్నెల్లో, మూతలు పెట్టి వచ్చింది. మూత తీసి బరువు చూశాడు, గోటితో కొట్టి చప్పుడు విన్నాడు, వెనక్కి తిప్పి అంచు చూశాడు. "సరుకు బావుంది. మన దగ్గర ఇంత మందం గేజి ఎవరు కొంటారు?" అని నిట్టూర్చాడు.

కొరియా ఆయన చొక్కా చేతులు మడుచుకుని పట్టకారు అందుకున్నాడు. అంత పెద్ద ఫ్యాక్టరీలో తన కిందివాళ్ళని గడగడలాడించే మనిషని తమ్ముడు చెప్పేవాడు. అలాంటి మనిషి రొయ్యల్ని ఒక్కొక్కటే వరసగా పేర్చి, ఎంతో శ్రద్ధగా తిప్పుతున్నాడు. కోడి ముక్క కాస్త కాలగానే కత్తెర తీసి చకచకా కత్తిరించాడు. అమ్మ నోరు తెరిచింది. "కత్తెరా!" అంది. తర్వాత ఆ ముక్కలు ఎంత నదరుగా పడుతున్నాయో చూసి, "కత్తిపీట కంటే ఇదే నయమల్లే ఉంది" అని ఒప్పుకుంది. కాలిన వాటిని మొదట నాన్న ముందూ, అమ్మ ముందూ పెట్టాడు.

నాన్న ఆకలి మీద ఉన్నాడు. ఇంట్లో లాగే, వడ్డించగానే ఒక రొయ్య తీసి నోట్లో వేసుకున్నాడు. అమ్మ మాత్రం లేచి నిలబడింది.

ఆవిడ అలా లేస్తుందని నేను ముందే ఊహించవలసింది. ఎవరో పరాయి మగమనిషి పొయ్యి ముందు చెమటలు కక్కుతుంటే తను కూర్చుని తినడమన్నది మా అమ్మ ఒంట్లోనే లేదు. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, "ఇటివ్వండి బాబూ, నేను కాలుస్తాను, మీరు కూర్చుని తినండి" అని పట్టకారు పట్టుకుంది. ఆయనకి తెలుగు రాదు కానీ, ఒక పెద్దావిడ తన పక్కన నిలబడి ఉందన్నది అర్థమైంది. గభాలున లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూసి ఆయన భార్యా లేచింది. వాళ్ళిద్దర్నీ చూసి తమ్ముడూ లేచాడు. అమ్మ కంగారుపడి, "ఏమైందిరా, అందరూ లేస్తున్నారు? వెళ్ళిపోతున్నారా ఏంటి?" అంది.

తమ్ముడు ఇటు ఇంగ్లీషులో, అటు తెలుగులో చెప్పలేక సతమతమయ్యాడు. మా అమ్మ అందరూ తిన్నాక తింటుందండీ, అలవాటు అని ఆయనకి చెప్పాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. అమ్మగారు మొదలుపెట్టకుండా మేమెలా తింటాం అన్నాడు. అది అమ్మకి చెబితే, "పిలిచినోళ్ళు పస్తుండగా నేనెట్టా తింటాను రా? వాళ్ళని తినమను, నాదేముంది, ఆఖర్న తింటాగా" అంది. లేచినవాళ్ళందరూ మళ్ళీ కూర్చున్నారు, అమ్మ తప్ప. కొరియా ఆయన, భార్య ఇద్దరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. బలవంతం చెయ్యలేదు, బతిమాలలేదు, మొహాల్లో విసుగు లేదు. ఊరికే ఆగారు. రొయ్యలు మాడుతున్నాయి.

నేను అమ్మ మొహం చూస్తున్నాను. పై పెదవి మీద చెమట పట్టింది. పట్టకారు పట్టుకున్న చెయ్యి సన్నగా వణికింది. మాత్ర వేసుకుని అప్పటికే చాలాసేపయింది. నాకు భయం, కోపం రెండూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. వాళ్ళ ముందే అమ్మ మీద అరిచేదాన్ని. ఆలోపే నాన్న వైపు చూశాను.

నాన్న నోట్లో ఇంకో రొయ్య ఉంది. నమలడం ఆపేశాడు. ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఇద్దర్నీ చూశాడు. నిలబడి ఉన్న అమ్మని చూశాడు. ఆ వణికే చేతిని కూడా చూశాడనుకుంటాను. చేతిలో ఉన్న మూడో రొయ్యని మెల్లగా పళ్ళెంలో పెట్టేసి, చెయ్యి తుడుచుకుని, ఆయన కూడా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీరెందుకండీ ఆగటం? తినండి" అంది అమ్మ.

"నువ్వు కూర్చో."

"అదేంటండీ, వాళ్ళు..."

"నువ్వు తింటే గానీ ఎవరూ తినరు. నేను కూడా తినను."

తినమని చెప్పడం మా అందరికీ అలవాటే. అమ్మకి వినడం అలవాటు, వినకపోవడమూ అలవాటే. కానీ నాన్న వేడి అన్నం ముందు పెట్టుకుని తన కోసం ఆగడం అమ్మ ఎన్నడూ చూడలేదు. పట్టకారు కింద పెట్టింది. వచ్చి తన పరుపుముక్క మీద కూర్చుంది. తల వంచుకుని ఒక రొయ్య ఒలిచి నోట్లో పెట్టుకుంది. "చెరువు రొయ్యే" అంది నమిలి, ఏదో ఒకటి అనాలి కాబట్టి. అప్పుడు కొరియా ఆయన మొహం విప్పారింది. అందరి చేతులూ ఒక్కసారి కదిలాయి. నాన్న అప్పుడు నోట్లో ఉన్నదాన్ని నమిలాడు.

ఆ భోజనం అక్కడి నుంచి పండగయిపోయింది. ఆయన భార్య ఒక లేత ఆకు అరచేతిలో పరిచి, అందులో ఇంత అన్నం, కోడి ముక్క, ఏదో కారం ముద్ద, ఒక వెల్లుల్లి రెబ్బ పెట్టి, మూటలా మడిచింది. తను తింటుందనుకున్నాను. అమ్మ నోటికి అందించింది. అమ్మ బిత్తరపోయి నోరు తెరిచింది. మాకందరికీ గోరుముద్దలు పెట్టిన మనిషి నోటికి ఇంకొకరు ముద్ద అందించడం నేను అప్పుడే చూశాను. తల పక్కకి తిప్పుకుని గ్లాసు అందుకున్నాను. మంచినీళ్ళు తాగాను.

అమ్మ నమిలి మింగి, ఆ ఆకుల పళ్ళెం తన వైపు లాక్కుంది. తమలపాకు చిలకలు చుట్టిన చెయ్యి అది, ఆ మూట పట్టుబడటం ఎంతసేపు! కూర్చున్న చోటు నుంచి కదలకుండా అందరికీ చుట్టి పెట్టడం మొదలుపెట్టింది. ఒక మూట తను తినడం, ఒకటి ఎవరికో అందించడం. కొరియా ఆయనకి కూడా చెయ్యి చాచి నోట్లో పెట్టింది. ఆయన తిని, కళ్ళు మూసుకుని, మళ్ళీ కూర్చున్నచోటే వంగి దణ్ణం పెట్టాడు. వడ్డించే మనిషి కూడా కూర్చుని తినగల భోజనం ఒకటి లోకంలో ఉందని, దాన్ని ఎవరో ఎప్పుడో పొయ్యిని బల్ల మధ్యకి తెచ్చి మరీ తయారుచేశారని ఆ రోజు నాకు తెలిసింది. ఆ తర్వాత నేను చాలా ఊళ్ళలో చాలా గొప్ప భోజనాలు తిన్నాను. దాని మీద ఉన్నంత గౌరవం ఇంక దేని మీదా కలగలేదు.

వచ్చేటప్పుడు అమ్మ కిమ్చి మీద తీర్పు చెప్పింది. "పచ్చడే. కాకపోతే మెంతిపిండి పడాలి."

విజయవాడ వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం ఏమైందో అమ్మే నాకు ఫోన్ చేసి చెప్పింది, కోపం నటిస్తూ. నాన్న ఒంటిగంట కాకుండానే ఇంటికొచ్చాడట. సరుక్కి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, కొట్టు గుమాస్తా మీద వదిలేసి వచ్చాడట. అమ్మ కంచం పెట్టి వడ్డించింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఏంటండీ, పప్పులో ఉప్పు తక్కువైందా?" అంటే, "ముట్టుకోకుండా నాకేం తెలుసు? నీ కంచం ఏది?" అన్నాడట. గిన్నెలో తింటానంటే వినలేదట. "మీ నాన్నకి ఆ కొరియా వాళ్ళు ఏదో మందు పెట్టారే" అంది అమ్మ. ఆ గొంతులో ఉన్న సంతోషాన్ని దాచడం ఆవిడ వల్ల కాలేదు.

నాన్న వేళకి రావడం చూసి గవర్నర్‌పేటలో తోటి వ్యాపారస్తులు కొన్నాళ్ళు ఆటపట్టించారు, బడి పంతులు గారిలా గంట కొట్టగానే లేస్తున్నావేంటని. ఆయన పట్టించుకోలేదు. అమ్మ మళ్ళీ పడిపోలేదు. చూపు కూడా నిలబడింది. వంటింట్లోకి ఒక కత్తెర వచ్చింది. దాంతో ఎండు చేపల తలలు కత్తిరించి, ఎవరొచ్చినా చూపించేది.

చాలా రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళాను. నాన్న కంచం ముందు కూర్చుని ఉన్నాడు. అన్నం, గోంగూర, వంకాయ కూర అన్నీ వడ్డించి ఉన్నాయి. అమ్మ కంచం పక్కనే ఖాళీగా ఉంది, దాని పక్కన ఇంకా వేసుకోని మాత్ర ఉంది. ఆవిడేమో గుమ్మంలో పక్క వాటా ఆవిడతో లోకాభిరామాయణంలో మునిగిపోయింది. అన్నం మీద ఆవిరి ఎప్పుడో ఆగిపోయింది. నాన్న చేతులు ఒళ్ళో ఉన్నాయి. నాకు అలవాటైన కోపం వచ్చింది.

"నువ్వు తినెయ్యి నాన్నా. అంతా చల్లారిపోతోంది."

ఆయన గుమ్మం వైపు చూశాడు, పిలవలేదు.

"చల్లారనీయ్ అమ్మాయ్" అన్నాడు. "ఇన్నేళ్ళూ మీ అమ్మ తిన్నది చల్లారిందేగా."